ఏ చేప పక్కన ఏ చేప

తొట్టి నింపడానికి పద్దెనిమిది బకెట్లు పట్టాయి. అంకుశం నల్లా దగ్గర నుంచి ఒక్కో బకెట్టూ మోసుకొచ్చి, స్టూలెక్కి, అద్దం అంచు మీదుగా వంచాడు. మొదటి రెండు బకెట్లు సగం నేలపాలయ్యాయి. అంచు ఉందనుకున్న చోట లేదు, బెత్తెడు అవతల ఉంది. మూడో బకెట్టు నుంచి ముందు ఎడమ చేత్తో అద్దాన్ని తడిమి పట్టుకుని, ఆ చేతి ఆనవాలు చూసుకుని పోయడం మొదలుపెట్టాడు.

ఎడమ కన్ను పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. దారం కండెను కడుపులో పెట్టుకుని మరమగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే ధోటా ఆ మధ్యాహ్నం దారి తప్పి ఎగిరింది. దాని కొసకు ఇనుప మొన ఉంటుంది. ఎగిరితే ఆపడానికి అడ్డంగా ఒక కడ్డీ ఉండాలి. అది విరిగి ఏడాదైంది, మళ్లీ బిగించలేదు. ఆస్పత్రిలో కన్ను తీసేసి రెప్పలు కుట్టి, పైన పెట్టుకోవడానికి నల్ల కళ్లద్దాలిచ్చి పంపారు.

కరీంనగర్ దిక్కు నుంచి వలస వచ్చినవాళ్లు మగ్గాలు నడిపే కామత్‌ఘర్‌లో భూపతి సేటు కార్ఖానా అది. కింద నలభై మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, మేడ మీద ఆఫీసు. చేపల తొట్టి పెట్టిన ఆ ఆఫీసుకు అద్దం తలుపు, ఏసీ ఉన్నాయి. ఇరవై ఆరేళ్లలో అంకుశం ఆ గదిలోకి రెండు మూడు సార్లే వచ్చాడు, అదీ గుమ్మం దాకా. తలుపు మూస్తే కింది సాంచాల చప్పుడు అరికాళ్లకు మాత్రమే తెలుస్తోంది. చెవులకు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి ఆయనకు తల తిరిగినట్టయింది.

నాలుగు గంటలకు భూపతి, ఆయన బామ్మర్ది భూషణ్ వచ్చారు. భూషణ్ చేతుల్లో గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచులు, సంచుల నిండా రంగురంగుల చేపలు. రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు చారల టైగర్ బార్బ్‌లు, తోకలు కుచ్చిళ్లలా వేలాడే ఆరు గప్పీలు, రెండు ఏంజెల్‌లు, ఎర్ర తోకతో ఒక నల్లటి షార్క్.

"అన్ని తీర్లయి కొన్ని కొన్ని పట్టిన బావా. చూసెటోనికి కండ్లు చెదరాలె," అన్నాడు భూషణ్. ఒక్కో సంచి మూతి విప్పి అప్పుడే నింపిన నీళ్లలోకి ఒంపేశాడు.

భూపతి అంకుశం భుజం మీద చెయ్యి వేశాడు. "ఇగ నీ పని గిదే అంకుశం. కిందికి దిగకు, సాంచాల మొఖం సూడకు. కుర్చీల కూసో, చేపలకు దాణా వెయ్యి. మన ఊరి దిక్కు మనిషివి, నిన్ను రోడ్డు మీద పడేస్తనా?"

అంకుశం రెండు చేతులూ జోడించాడు. "మీ దయ సేటూ," అన్నాడు. సాంచాల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు. ఆ చిన్న గదిలో తన మాటకు తానే ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి వెళ్లి చెప్తే ఓదెమ్మ సంతోషించలేదు. ఆమె ఇంకో కార్ఖానాలో కండెలు చుడుతుంది. వేళ్ల సందుల్లో నూలు కోసిన గాట్లకు కొబ్బరి నూనె రాసుకుంటూ వింది.

"రెండు కండ్లున్ననాడు కింద నిలబెట్టిండు. ఒక్క కన్నయినంక మీద కూసోబెడ్తడా? ఎందుకట?"

"మంచితనం అనుకోరాదు?"

"అర్జీ వెట్టినంక వచ్చింది ఆ మంచితనం," అంది ఓదెమ్మ.

అర్జీ ఆమే పెట్టించింది. పక్క ఖోలీ గదిలో ఉండే సిద్ధిరాములు చేత రాయించి, తన వేలిముద్ర వేసి, పోయిన వారం లేబర్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. సాంచా మీద కన్ను పోయిందని కాగితం మీదికెక్కితే నష్టపరిహారం వస్తుంది, బతికినన్నాళ్లు ఎంతో కొంత ఆసరా అవుతుంది. ఆ సంగతి సేటుకు అప్పటికే తెలిసిపోయిందని అంకుశానికి తట్టలేదు.

*

మర్నాడు పొద్దున గప్పీలు నాలుగే ఉన్నాయి. అంకుశం రాళ్ల కింద, పంపు వెనుక వెతికాడు. మిగతా రెండూ కనబడలేదు. పెద్ద ఏంజెల్ పొట్ట ఉబ్బి ఉంది. టైగర్ బార్బ్‌లు గుంపుగా తిరుగుతూ గోల్డ్ ఫిష్ తోకల్ని కొరుకుతున్నాయి. ఒకటి పొడిచి పోతుంటే ఇంకొకటి వస్తోంది. షార్క్ ఒక రాయి కింది జాగా తనదే అన్నట్టు పట్టుకుని, దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతోంది.

మూడో రోజుకు నీళ్లు సున్నం కలిపినట్టు మసకబారాయి. ఒక గోల్డ్ ఫిష్ వెల్లకిలా తేలింది. రెండోది తోక పోయి, పంపు నీటి విసురుకు ఎటు తోస్తే అటు పోతోంది. చచ్చినదాన్ని కాగితంలో చుట్టి బయట పడేసి వచ్చి, భూపతి రాగానే లేచి నిలబడ్డాడు.

"సేటూ, ఇవి ఒకదాన్నొకటి పీక్కతింటున్నయ్. వేరే వేరే పెట్టాలె."

భూపతి ఫోను చూసుకుంటూ నవ్వాడు. "అడ్జస్ట్ అయితయ్ తియ్. మన తాతలు వచ్చినప్పుడు ఒక్క ఖోలీల పదహారు మంది పన్నరు. అయిండ్రా లేదా అడ్జస్ట్?"

అంకుశం తాను మొదట దిగిన ఖోలీ గుర్తు చేసుకున్నాడు. పన్నెండు మంది. దగ్గుతూ ఒకడు, తాగి ఒకడు పోయారు. ఒకడు రైల్లో ఊరికి పోతూ దారిలోనే పోయాడు.

"వచ్చే వారం శుక్రవారం ఒక సాబ్ వస్తుండు," అన్నాడు భూపతి, తొట్టి వైపు మొదటిసారి సరిగ్గా చూస్తూ. "గప్పటికి ఇది మంచిగ కనబడాలె. ఏం చేస్తవో చెయ్యి. భూషణ్ తెచ్చిన దుకాణానికే పో, మార్చుకొస్తవా, తిప్పిచ్చి వస్తవా, నీ ఇష్టం. నేను ఫోన్ చేస్త."

నిజాంపురాలో ఆ దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. షేర్ ఆటో దిగి అడుగుతూ వెళ్లాడు. గోడల నిండా అద్దాల తొట్లు, నీలం లైట్లు. ముప్పై ఏళ్ల ఆడమనిషి చీర కొంగు నడుముకు దోపి, మోచేతుల దాకా తడిగా, ఒక తొట్టిలో గొట్టం పెట్టి అడుగున పేరుకున్న మడ్డిని లాగుతోంది. పేరు దీపాలి. అంకుశం మాట వినగానే తెలుగులోకి మారింది.

"మా తాతది గూడ కరీంనగర్ దిక్కే కాకా. నేనిక్కడ్నే పుట్టిన. బోలా, ఏం కావాలె?"

అంకుశం చేపల పేర్లు వరసగా చెప్పాడు. ఆమె గొట్టం పక్కన పెట్టేసింది.

"అన్ని ఒక్క దాంట్లనా? అదే దినం నీళ్లు పోసి, అదే దినం ఏసిండ్రా?"

"ఆ."

"అరె దేవా! నేనుంటే ఇయ్యకపోదును. మా ఆయన ఉండె, అడిగినయి అడిగినట్టు కట్టిచ్చిండు." ఆమె చేతులు తుడుచుకుని స్టూలు చూపించింది. "కూసో కాకా. చెప్త, మంచిగ విను."

అంకుశం కూర్చుని కుడి కన్ను ఆమె వైపు ఉండేలా తిరిగాడు.

"నల్లా నీళ్లల్ల దవా ఉంటది. ఒక దినం బకెట్ల ఉంచి పొయ్యాలె. నీళ్లు ఏడెనిమిది దినాలు ఉత్తగనే తిరగాలె. తర్వాత రెండు మూడు చేపలు వెయ్యాలె, అంతే. అవి ఏరుగుతయ్ గద, అది నీళ్లల్ల విషం అయితది. ఆ విషాన్ని తినే కీటాణువులు పంపుల ఉన్న స్పంజిల పుట్టాలె, దానికి నెల పడతది. స్పంజిని నల్లా కింద కడిగితే అవి సస్తయ్. తొట్టి నీళ్లల్లనే పిండాలె."

"చేపలో?"

"గోల్డ్ ఫిష్‌ది ఠండా పానీ. మస్తు తింటది, మస్తు ఖరాబ్ చేస్తది. దాని జాత్ వేరే, వీటితోని పెట్టద్దు. టైగర్ బార్బ్‌కు పొడుగు తోక కనబడితే కొరకాల్సిందే, దాని గుణమే గంత. ఏంజెల్ నోట్లె పట్టేది ఏదైన మింగుతది. షార్క్‌కు తన జాగా కావాలె. ఇంక ఫైటర్ ఉంటది, రెండు మగయి పెడితే ఒకటే మిగులుతది. దేన్నీ తప్పు పట్టద్దు కాకా, పెట్టినోనిదే తప్పు."

అంకుశం గోడల పొడవునా ఉన్న తొట్లను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత అడిగాడు. "మరి ఏ చేప పక్కన ఏ చేప పెట్టాలె?"

ఆమె చెప్పింది. గప్పీలు, మోలీలు, ప్లాటీలు మూడూ కలిసి ఉంటాయి, మన ఉప్పు నీళ్లకు కూడా తట్టుకుంటాయి. ఒక మగదానికి రెండు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి ఆడదాన్ని తరిమి తరిమి చంపుతాయి. అడుగున తిరిగే కోరీలు నాలుగుంటే మిగిలిన దాణా తింటాయి. దాణా రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి. అంకుశం వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ తిరిగి ఆమెకే అప్పజెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"భలే పట్టినవ్ కాకా!" అంది దీపాలి.

ఆమె పాత తొట్టిలోని ఒక స్పంజిని నీళ్లతో సహా సంచిలో కట్టి ఇచ్చింది. నెల పట్టే పని దీంతో కొంత తొందరగా అవుతుందట. మరుసటి రోజు అంకుశం బార్బ్‌ల్ని, షార్క్‌ని, ఏంజెల్‌లను, తోక లేని గోల్డ్ ఫిష్‌ను డబ్బాలో తీసుకెళ్లి ఇచ్చేసి, రెండు ప్లాటీలు, మూడు మోలీలు తెచ్చాడు. వాటిని సంచితోనే నీళ్లలో తేలేసి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెం కలిపి, గంట తర్వాత వదిలాడు. మిగిలిన నాలుగు గప్పీలు మూల నుంచి మెల్లగా నడిమధ్యకు వచ్చాయి.

ఆ తర్వాత ఇంటికి వెళ్లేదాకా ఆయన తొట్టి ముందు నుంచి లేవలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఓదెమ్మ ఆయన్ని నవ్వగా చూడలేదు. ఆ సాయంత్రం అన్నం తింటూ మోలీ సంగతి చెప్తూ నవ్వాడు. ఆమె ఇంకొంచెం పప్పు వేసింది.

*

బుధవారం గుమాస్తా భీమ్‌రావు పైకి వచ్చి ఫోటో తీశాడు. గురువారం ప్లాస్టిక్ పూత పూసిన కార్డు తెచ్చి అంకుశం మెడలో వేశాడు. రిజిస్టరులో మూడు చోట్ల సంతకం పెట్టించాడు. రాతంతా మరాఠీలో ఉంది.

"ఏంది రావు సాబ్ ఇది?"

"ఆఫీసోళ్లందరికి ఉంటది. నువ్వు గూడ ఆఫీసోనివే గద ఇప్పుడు."

అంకుశం ఆ కార్డు తియ్యకుండానే ఇంటికి నడిచాడు. దారిలో దేవయ్య ఎదురయ్యాడు. పద్నాలుగేళ్లుగా పక్క సాంచాలు నడిపినవాడు, కన్ను పోయిన రోజు తన లుంగీ చింపి కట్టు కట్టినవాడు. కార్డు చూసి, "మంచిగున్నది," అన్నాడు. నిలబడకుండా వెళ్లిపోయాడు.

సిద్ధిరాములు కూతురు ఆర్తి పదో తరగతి, మరాఠీ బడి. గడప మీద కూర్చుని చదువుకుంటోంది. ఓదెమ్మ కార్డు ఆమె చేతికిచ్చింది.

"ఇదేం రాసుందో సదువు బిడ్డా."

ఆర్తి చదివింది. "నావ్, అంటే పేరు, అంకుశం. పని, కార్యాలయ సహాయక్. అంటే ఆఫీసుల హెల్పర్ అత్తా." కార్డు తిప్పింది. "చేరిన తారీఖు పోయిన సంవత్సరం జూన్."

"ఏ జూన్?"

"పోయిన జూన్ అత్తా. స్పష్ట్ లిహిలంయ్, సాఫ్ రాసున్నది."

ఓదెమ్మ కార్డు తీసుకుంది. అంకుశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసు, కుర్చీ, పద్దెనిమిది బకెట్లు అన్నీ ఒక వరసలో కనబడ్డాయి. పోయిన జూన్ నుంచి మేడ మీద చేపలకు దాణా వేసేవాడికి మొన్న మాఘంలో సాంచా మీద కన్ను ఎలా పోతుంది?

"ఇంటున్నవా?" అంది ఓదెమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "రేపు వచ్చే సాబ్ లేబర్ ఆఫీసోడే అయితడు, మన అర్జీ మీదనే వస్తుండు. నువ్వేం చెప్తవ్?"

"ఉన్నదే చెప్త."

"సేటు ముంగట?"

"సేటు ముంగటనే చెప్త. నాలుగు సాంచాలు నడిపిన, కడ్డీ లేకుండె, ధోటా ఎగిరింది. కార్డు ఇయ్యాల్నే ఇచ్చిండ్రని చెప్త."

పొద్దున ఆయన బయల్దేరేటప్పుడు ఓదెమ్మ మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. చిన్న పిల్లాడిలా నిలబడి నాలుగు మాటలూ అప్పజెప్పాడు.

*

సాబ్ పదకొండింటికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చేతిలో తోలు సంచి, ముఖాన చెమట. భూపతి కుర్చీ వేసి, చల్లటి నీళ్లిచ్చి, రిజిస్టరు తెస్తానని పక్క గదిలోకి వెళ్లాడు. గదిలో అంకుశం, సాబ్ ఇద్దరే మిగిలారు. ఇప్పుడే చెప్పెయ్యాలని అంకుశం అనుకున్నాడు. నోరు తెరిచేలోగా సాబ్ తొట్టి వైపు తిరిగాడు.

"ఎంత బాగున్నాయి!" అన్నాడు హిందీలో. లేచి దగ్గరికి వెళ్లి వంగాడు. "మా పాప ఏడాది నుంచి ప్రాణం తీస్తోంది. రెండు సార్లు తెచ్చాను, రెండు సార్లూ వారంలో అన్నీ చచ్చిపోయాయి. మూడు రోజులు అన్నం తినలేదు పాప. వీటిని ఎవరు చూస్తారు?"

"నేనే సాబ్."

"ఏం చేస్తే బతుకుతాయో కాస్త చెప్పవా?"

ఇరవై ఆరేళ్లలో ఏ సాబూ అంకుశాన్ని ఏదీ చెప్పమని అడగలేదు. ఈయన అడిగి, ఆగి, ముఖంలోకి చూస్తున్నాడు.

"ఏమేం తెచ్చిండ్రు సాబ్ మీరు?"

"గోల్డ్ ఫిష్‌లు, ఇవిగో ఈ పొడుగు తోకలవి, ఇంకా ఏవో చారలవి."

"అందుకే," అన్నాడు అంకుశం. ఇంక ఆగలేదు. వచ్చీ రాని హిందీ ఆ రోజు సాఫీగా వచ్చింది. నల్లా నీళ్లు, దవా, స్పంజి, కంటికి కనబడని కీటాణువులు అన్నీ చెప్పాడు. గోల్డ్ ఫిష్ జాతి వేరన్నాడు, చారల చేపది కొరికే గుణమన్నాడు. మొదట రెండు మూడు ప్లాటీలతో మొదలుపెట్టమని, నెల తర్వాత మోలీలు, ఆ తర్వాత గప్పీలు వెయ్యమని, ఒక మగదానికి రెండు ఆడవి చూసుకోమని చెప్పాడు. అద్దం మీద వేలు పెట్టి మగదాని రెక్క ఎలా సన్నగా ఉంటుందో చూపించాడు. సాబ్ డైరీ తీసి రాసుకున్నాడు. "ఆగు ఆగు, కోరీలు ఎన్ని?" అని మళ్లీ అడిగాడు. అంకుశం ఆగి, మళ్లీ చెప్పాడు.

వెనక్కి తిరిగేసరికి భూపతి రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ఆయన అడ్డు రాలేదు. పూర్తయ్యేదాకా విన్నాడు.

సాబ్ డైరీ పేజీ తిప్పి ఫైలు తెరిచాడు. "అంకుశం అంటే నువ్వేనా?"

"అవును సాబ్." అంకుశం తొట్టి దగ్గర నుంచి సాబ్ ముందుకు వచ్చాడు. "ఇరవై ఆరేండ్ల సంది ఇక్కడ నాలుగు సాంచాలు నడిపిన. కడ్డీ లేకుండె. ధోటా ఎగిరొచ్చి..."

సాబ్ తలెత్తి తొట్టిని, అంకుశం మెడలోని కార్డును, భూపతి విప్పి పట్టుకున్న రిజిస్టరును చూశాడు.

"నువ్వు ఈ చేపల పని చేస్తున్నావు కదా?"

"పదకొండు రోజుల సంది సాబ్. కార్డు నిన్ననే ఇచ్చిండ్రు."

"పదకొండు రోజుల్లో ఇదంతా నేర్చుకున్నావా?" సాబ్ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "నాకు ఏడాదైనా రాలేదే!"

"ఇతనికి చేపలంటే ప్రాణం సాబ్," అన్నాడు భూపతి మెత్తగా. "ఖాళీగా ఉన్నప్పుడు కిందికి పోతుంటాడు, పాత దోస్తులున్నారు. సాంచాల మధ్య తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పానో. అయినా ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే."

"అబద్ధం," అన్నాడు అంకుశం. ఆ మాట గదిలో పెద్దగా మోగింది. "కిందికి రాండ్రి సాబ్. నా సాంచా చూపిస్త. పోగు తెగితే ఎట్ల ఎక్కిస్తమో చూపిస్త. హెల్పర్‌కు వస్తదా అది?"

సాబ్ గడియారం చూసుకుని లేచాడు. "పద."

కింద చప్పుడు ఒక్కసారి మీద పడింది. అంకుశానికి ప్రాణం లేచొచ్చింది. గాలిలో ఎగిరే నూగు, నూనె వాసన, కాళ్ల కింద అదురు, అన్నీ తనవే. ఏడో వరసలోని తన సాంచా దగ్గరికి సూటిగా వెళ్లి, పిడి లాగి ఆపాడు. నిలువు పోగు ఒకటి తెంపాడు. ముడి వేశాడు. చూడకుండానే పడింది ముడి. సాబ్ వంగి చూశాడు.

ఇప్పుడు ఆ పోగును ఇనుప తీగ మధ్య సన్నటి కన్నంలోంచి తీసి, దువ్వెనలాంటి పన్నె పళ్ల సందులోంచి ముందుకు లాగాలి. రోజుకు వంద సార్లు చేసిన పని. అంకుశం హుక్కు పట్టుకుని చెయ్యి చాచాడు. హుక్కు తీగ పక్కనుంచి పోయింది. మళ్లీ పెట్టాడు. కన్నానికి ఇవతలే ఆగింది. ఒక్క కంటికి ముందూ వెనకా ఒక్కలాగే కనబడుతున్నాయి. నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కుట్టిన రెప్పల మీద నూగు వాలింది. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి హుక్కు పక్క పోగును కూడా తెంపింది.

పక్క సాంచా మీద దేవయ్య ఉన్నాడు. అంకుశం అతని వైపు చూశాడు. దేవయ్య వెనకాల మెట్ల మీద సేటు నిలబడ్డాడు. దేవయ్య తల వంచుకుని, అప్పుడే మార్చిన కండెను మళ్లీ మార్చాడు.

"కన్ను లేదు సాబ్, అందుకే," అన్నాడు అంకుశం. ఆ చప్పుడులో తన మాట తనకే వినబడలేదు.

సాబ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు, జాలిగా. "చాలు, వదిలెయ్యి. ఇంకో కంటికి తగులుతుంది."

మళ్లీ పైకి వెళ్లాక సాబ్ ఫైలులో రాసుకున్నాడు. కార్యాలయ సహాయకుడు. పనికి సంబంధం లేకుండా యంత్రాల మధ్యకు వెళ్లాడు. భీమ్‌రావు చదివి వినిపించాడు. అంకుశం సంతకం పెట్టనన్నాడు. పెట్టకపోయినా పరవాలేదని, పెట్టలేదని రాస్తానని సాబ్ అన్నాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "మోలీ, ప్లాటీ కలిపి పెట్టొచ్చు అన్నావు కదా?" అని అడిగాడు.

అంకుశం తల ఊపాడు.

*

ఓదెమ్మ పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. అంకుశం ఖోలీలో లైటు వెయ్యకుండా కూర్చున్నాడు. ఆమె చెప్పులు విడిచి, లైటు వేసి, ఆయన ముఖం చూసింది.

"సాబ్ వచ్చిండా?"

"వచ్చిండు."

"ఏమడిగిండు?"

"ఏ చేప పక్కన ఏ చేప పెట్టాలె అని అడిగిండు."

ఆమె ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన మొదటి నుంచి చెప్పాడు, ఏదీ దాచకుండా. డైరీలో రాసుకున్నది, వేలితో చూపించింది, హుక్కు పక్కకు పోయింది, అన్నీ చెప్పాడు. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగి, "అడిగితే సంతోషమైంది ఓదీ. గందుకే చెప్పిన," అన్నాడు.

ఓదెమ్మ తిట్టలేదు. కొంచెంసేపు తన వేళ్ల సందుల్లోని గాట్లు చూసుకుంది. తర్వాత ఆయన మెడలోంచి కార్డు తీసి, కొంగున ముడి వేసుకుని లేచింది.

"యాడికి?"

ఆమె బయటికి నడిచింది. పక్క ఖోలీ తలుపు కొట్టిన చప్పుడైంది. రేకు గోడ అవతల నుంచి సిద్ధిరాములు గొంతు, నోటుబుక్కులోంచి కాగితం చింపిన శబ్దం, ఓదెమ్మ మాట ఒకదాని వెనక ఒకటి వినబడ్డాయి.

"రాయి అన్నా. మీదోళ్లకు రాయి, థానా పట్నంల ఉన్న లేబర్ పెద్ద సాబ్‌కు. గీ కార్డు గూడ అంటించు. ఏ కన్ను పోయిందో, ఏ సాంచా మీద పోయిందో రాయి. పోగు ఎందుకు ఎక్కియ్యలేకపోయిండో గది గూడ రాయి. రేపు నేనే పట్టుకపోత, నేనే మాట్లాడుత."

"ఎన్నేండ్ల సంది చేస్తుండని రాయాలె వదినా?"

"ఇరవై ఐదు," అంది ఓదెమ్మ.

అంకుశం లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. అరచెయ్యి రేకు మీద ఆనించి, సాంచాల మధ్య అరిచినట్టు అరిచాడు.

"ఇరవై ఆరు!"

అవతల నుంచి ఓదెమ్మ గొంతు, "ఇరవై ఆరు అని రాయి," అంది.